బల్ల మీది చిన్న లేత్: కొనే ముందు ఏం చూడాలి

(చెక్కపని కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం నెల్లూరులో చేసిన ప్రసంగానికి రాతప్రతి. చివర్లో సభలో వచ్చిన ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. నెల్లూరు వాళ్లతో పాటు కావలి, ఒంగోలు, ఉదయగిరి వైపు నుంచి కూడా వచ్చారు, సంతోషం. బల్ల మీద పెట్టుకునే చిన్న చెక్కపని లేత్ గురించి, అంటే చెక్కను తిప్పుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే యంత్రం గురించి మాట్లాడుకుందాం. మన పెద్దవాళ్లు దీన్ని తరిమెన అనేవాళ్లు, ఆ పనిని తరిమెన పట్టడం అనేవాళ్లు. ఇప్పుడు అందరం లేత్ అనే అంటున్నాం కాబట్టి నేనూ అలాగే అంటాను.

లేత్ కొనడానికి వెళ్లినవాళ్లు కొట్లో మొదట అడిగేది "ఎన్ని హెచ్‌పీ?" అని. ఆ తర్వాత "ఎంత?" అని. ఈ రెండిటికంటే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సింది ఒకటుంది: దాని మీద ఏం చేయబోతున్నారు? పప్పుగుత్తి, కవ్వం, అప్పడాల కర్ర, బొంగరం, పీటకాళ్లు, ఉయ్యాల గుబ్బలు ఒక జాతి. వీటిలో చెక్క నార లేత్ పొడుగునా పారుతుంది. రెండు కొనల మధ్య బిగించి తిప్పుతాం. గిన్నెలు, పళ్లేలు, వెడల్పు మూతలు రెండో జాతి. వాటిలో నార అడ్డంగా ఉంటుంది, ఒక వైపే పట్టు ఉంటుంది, చెక్క బరువుగా ఉంటుంది. మొదటి జాతికి పొడుగు కావాలి. రెండోదానికి వెడల్పు, నిదానమైన వేగం, యంత్రానికి బరువు కావాలి. ఒకే లేత్ రెండిటికీ బాగా రావాలంటే ఎక్కడో సర్దుకోవాలి, అది ఎక్కడో కొనేముందే తెలియాలి.

ఉదయగిరి నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక మాట. మీ ఊరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది చేతిపని. చెంచా గుంట, దాని వంపు లేత్ మీద రావు. గుండ్రంగా తిరిగేది ఏదైనా లేత్ చేస్తుంది, గుండ్రం కానిదాన్ని ఉలి, ఆకురాయి చేయాలి. గుండ్రటి పిడి వరకు లేత్ పనికొస్తుంది. చెంచాల కోసమే లేత్ కొనాలనుకునేవాళ్లు ఇది మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు కొలతలు. పెట్టె మీద 8×12, 10×18, 12×18 అని రాసి ఉంటుంది, అన్నీ అంగుళాలే. మొదటి అంకె బెడ్‌కి (యంత్రం కింద పొడుగ్గా ఉండే ఇనుప దిమ్మెకి) తగలకుండా తిరగగల చెక్క వ్యాసం. రెండోది రెండు కొనల మధ్య దూరం. ఈ రెండు అంకెలూ నిజమే, కానీ పని చేసేటప్పుడు రెండూ తగ్గిపోతాయి. టూల్ రెస్టును, అంటే ఉలి ఆనించే కడ్డీని మోసే ఇనుప ముక్క ఉంటుంది, బాంజో అంటారు. అది చెక్క కిందికి జరగాలి. 10 అంగుళాల లేత్‌లో బాంజో మీదుగా తిరిగేది సుమారు 7, 8 అంగుళాలే. కాబట్టి పొడుగ్గా, లావుగా ఉన్న దుంగ 10 అంగుళాలది పట్టదు. గిన్నె అయితే బాంజోను పక్కకు పెట్టి చేసుకోవచ్చు. అలాగే చక్, అంటే చెక్కను దవడలతో పట్టుకునే పట్టు బిగిస్తే పొడుగులో సుమారు 4 అంగుళాలు పోతుంది. టెయిల్‌స్టాక్‌లో (మోటారుకు ఎదురు చివర ముందుకూ వెనక్కీ జరిగే దిమ్మెలో) డ్రిల్ చక్ పెట్టి బెజ్జం వేయాలంటే ఇంకో 4, 5 అంగుళాలు పోతుంది. 12 అంగుళాల పొడుగున్న లేత్ మీద లోతైన డబ్బా చేయబోతే చేతికి చోటే మిగలదు.

మన వంటింటి వస్తువులతోనే లెక్క వేయండి. పప్పుగుత్తి అడుగు లోపే. అప్పడాల కర్ర 14 నుంచి 16 అంగుళాలు, రెండు చివర్లా వృథా పోయే ముక్కతో కలిపి 17 అనుకోండి. అంటే 18 అంగుళాల లేత్ మీద అది సరిగ్గా సరిపోతుంది. క్రికెట్ స్టంపు నేల పైన కనిపించేదే 28 అంగుళాలు, దానికి బెడ్‌కి అదనపు ముక్క తగిలించాల్సిందే. అందుకని కొత్తవాళ్లకు నేను చెప్పేది 10 లేదా 12 అంగుళాల వెడల్పు, 16 నుంచి 20 అంగుళాల పొడుగు, బెడ్ పొడిగించుకునే వీలు. 8×12 చిన్నది బొంగరాలకు, కుంకుమ భరిణెలకు, పెన్నులకు చాలా బాగుంటుంది. గిన్నెల మీద ఆశ ఉంటే దాని జోలికి వెళ్లొద్దు.

ఇక వేగం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కొట్టువాడు గొప్పగా చెప్పేది పైవేగం: 3,500, 4,000 అని. మీరు అడగాల్సింది అడుగు వేగం. నిమిషానికి అన్నింటికంటే తక్కువగా ఎన్ని చుట్లు తిరుగుతుంది? చౌక యంత్రాలు కొన్ని 750 దగ్గర మొదలవుతాయి. కొన్ని 500 దగ్గర, మంచివి 250 దగ్గర. 500 దాటిన అడుగు వేగంతో గిన్నెల పని మొదలుపెట్టవద్దు.

ఎందుకో లెక్కతో చూద్దాం. 10 అంగుళాల వ్యాసం, 3 అంగుళాల మందం ఉన్న పచ్చి మొద్దు సుమారు 4 కిలోలు తూగుతుంది. గొడ్డలితో, రంపంతో కోసిన మొద్దు ఎప్పుడూ సరిగ్గా గుండ్రంగా ఉండదు. ఒక వైపు చేవ, ఇంకో వైపు తెల్లచెక్క, బరువు ఒక వైపుకి లాగుతుంది. దాని బరువుకేంద్రం నడిమధ్యకు 5 మిల్లీమీటర్లు పక్కకు ఉందనుకోండి, పెద్ద తేడా ఏమీ కాదు. 400 చుట్ల దగ్గర అది యంత్రాన్ని మూడున్నర కిలోల బలంతో అటూ ఇటూ గుంజుతుంది. 800 దగ్గర? ఏడు కిలోలు కాదు, 14 కిలోలు. వేగం రెట్టింపైతే గుంజే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ 14 కిలోలు సెకనుకు 13 సార్లు దిశ మార్చుకుంటాయి. 20 కిలోల లేత్ బల్ల మీద నడవడం మొదలుపెట్టేది ఇందుకే. మొద్దు పట్టు వదిలి ముఖం మీదకు వచ్చేదీ ఇందుకే.

ఎంత వేగం పెట్టాలో తెలుసుకోవడానికి తేలిక లెక్క ఒకటుంది. చెక్క వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వేగంతో గుణిస్తే 6,000కీ 9,000కీ మధ్య రావాలి. 10 అంగుళాల గిన్నెకు 600 నుంచి 900. 6 అంగుళాల దానికి 1,000 నుంచి 1,500. ఇది గుండ్రం తేలిన తర్వాతి లెక్క. గుండ్రం తేలేవరకు అందులో సగానికి దిగండి, అంటే 10 అంగుళాలకు 300 నుంచి 450. ఇప్పుడు 750 దగ్గర మొదలయ్యే లేత్ దేనికి పనికిరాదో మీకే అర్థమవుతుంది. సన్నటి కర్రలకు ఈ లెక్క 3,000 పైన చెబుతుంది, కానీ చెయ్యి కుదిరేవరకు 2 అంగుళాల కర్రను 1,500, 1,800 దగ్గరే తిప్పండి.

వేగం మార్చే పద్ధతులు రెండు. ఒకటి, పుల్లీల మీద బెల్టు మార్చడం. రెండోది, గుండీ తిప్పితే ఎలక్ట్రానిక్ బోర్డు వేగం మార్చడం. చాలా చిన్న లేతుల్లో రెండూ కలిసి ఉంటాయి, అదే మంచిది. ఉదాహరణకు కింది పుల్లీ మీద 250 నుంచి 750, మధ్య దాని మీద 550 నుంచి 1,650, పైదాని మీద 1,300 నుంచి 3,800 ఇలా. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బెల్టు మార్చడానికి బద్ధకించి ఎప్పుడూ మధ్య పుల్లీ మీదే ఉంచి, గుండీతో వేగం తగ్గిస్తారు. గుండీ తగ్గిస్తే మోటారు నెమ్మదిస్తుంది, దాంతోపాటు అది ఇచ్చే సత్తువా తగ్గుతుంది. గిన్నె మీద ఉలి ఆనగానే ఆగిపోతుంది. "మోటారు చాలడం లేదు" అంటారు. బెల్టును కింది పుల్లీకి దించితే అదే మోటారు అదే వేగంలో లాగుతుంది, సైకిల్ గేరు మార్చినట్టు. ఆగిపోయిన మోటారుకు కరెంటు అలాగే అందుతుంటే బోర్డు కాలిపోతుంది కూడా. కొనేటప్పుడు బెల్టు మూత ఎలా తెరుచుకుంటుందో చూడండి. మూత చేత్తో తెరుచుకుని, బెల్టు వదులు చేసే పిడి దగ్గర్లో ఉంటే మీరు మారుస్తారు. స్క్రూడ్రైవర్ కావాలంటే ఎవరూ మార్చరు.

హెచ్‌పీ సంగతి తొందరగా ముగిస్తాను. కర్రల పనికి 370 వాట్లు, అంటే అర హెచ్‌పీ చాలు. 10 అంగుళాల గిన్నెలకు 550 వాట్లు, అంటే ముప్పావు హెచ్‌పీ కావాలి. స్టిక్కరు మీద "1 హెచ్‌పీ" అని ఉంటే మోటారు రేకు చదవండి. 230 వోల్టులను రేకు మీది ఆంపియర్లతో గుణించండి. 2 ఆంపియర్లు అని ఉంటే అది లోపలికి తీసుకునేదే 460 వాట్లు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు బయటికి ఇవ్వాలి. తీసుకున్నదానికంటే ఎక్కువ ఎలా ఇస్తుంది?

బరువు. 8×12 యంత్రాలు 20 కిలోలు అటూ ఇటూ ఉంటాయి, 10×18 యంత్రాలు 35, 40 కిలోలు, 12 అంగుళాలవి ఇంకా ఎక్కువ. చేతులతో ఎత్తలేకపోతున్నారంటే బాధపడకండి, అది మంచి గుణం. పోత ఇనుము బెడ్ ఉన్నదే తీసుకోండి. రేకు వంచి చేసిన బెడ్, రెండు గొట్టాల బెడ్ ఉన్నవి అదురును మింగవు, మోగుతాయి. ఆ అదురు చెక్క మీద గీతలుగా పడుతుంది. కొత్తవాళ్లు అది తమ చెయ్యి తప్పని అనుకుంటారు.

యంత్రం తేలికగా ఉన్నా బల్లను బరువు చేసుకోవచ్చు. ప్రకాశం జిల్లా వాళ్లకు ఇందులో సౌకర్యం ఉంది: చీమకుర్తి గ్రానైటు ముక్కలు. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక సుమారు 11 కిలోలు తూగుతుంది. బల్ల కింది అరలో అలాంటివి ఐదు పేరిస్తే 55 కిలోలు. గ్రానైటును లేత్ కింద నేరుగా పెట్టొద్దు, జారుతుంది. లేత్‌ను మందపాటి చెక్క పలకకు బోల్టులతో బిగించి, గ్రానైటును కింది అరలో పెట్టాలి. నెల్లూరు వైపు వాళ్లు ఇసుక బస్తాలు వాడుకోవచ్చు, ఇసుక అదురును ఇంకా బాగా మింగుతుంది. పొడి ఇసుకే కట్టండి, తడిదైతే కింద ఇనుము తుప్పు పడుతుంది. నాలుగు కాళ్లూ నేలకు ఆనాలి. ఒక కాలు కాగితం మందం లేచినా బెడ్ మెలిపడి రెండు కొనలూ తప్పుతాయి. బల్ల ఎత్తు తేల్చడానికి నిటారుగా నిలబడి మోచేయి ఎత్తు కొలవండి. చెక్క తిరిగే నడిమధ్య ఆ ఎత్తులో ఉండాలి. మోచేయి 42 అంగుళాల దగ్గర ఉండి, లేత్ అడుగు నుంచి స్పిండిల్ (చెక్కను తిప్పే ఇరుసు) మధ్యకు 10 అంగుళాలు ఉంటే బల్ల 32 అంగుళాలు. మన వంటగట్టు ఎత్తు బల్ల అందరికీ సరిపోదు, వంగి చేస్తే గంటలో నడుము పట్టేస్తుంది.

ఇప్పుడు ఎవరూ అడగని, అందరినీ తర్వాత ఏడిపించే విషయం: స్పిండిల్ మరలు. హెడ్‌స్టాక్ (మోటారు వైపు దిమ్మె) నుంచి బయటకు వచ్చిన ఇరుసు మీద మరచుట్లు ఉంటాయి. చక్ వాటి మీదే బిగుస్తుంది. ఆ మరల కొలత లోకంలో ఎక్కువమంది వాడే కొలత అయితే మీకు చక్‌లు, ఫేస్‌ప్లేట్లు (చెక్కను మరమేకులతో బిగించే ఇనుప పళ్లేలు) జీవితాంతం దొరుకుతాయి. చిన్న లేతుల్లో ఎక్కువగా కనిపించే మంచి కొలత అంగుళం వ్యాసం, అంగుళానికి 8 చుట్లు. యూరపు తరహా పెద్ద యంత్రాల్లో 33 మిల్లీమీటర్లు, చుట్టుకు 3.5 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం, 16 చుట్లు ఉన్న చిన్నవి కూడా ఉన్నాయి, వాటికీ చక్‌లు దొరుకుతాయి కానీ ఇరుసు సన్నం. ఇవేవీ కాకుండా తయారుచేసినవాడు సొంతంగా వేసిన మరలైతే వాడి చక్ తప్ప ఇంకోటి పట్టదు. కొట్టుకు వెర్నియర్ (వ్యాసం కొలిచే పరికరం), స్టీలు స్కేలు తీసుకెళ్లండి. మరల బయటి వ్యాసం కొలవండి, అంగుళంలో ఎన్ని శిఖరాలు ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు నిమిషాల పని.

ఇరుసు లోపల కోసుగా బెజ్జం ఉంటుంది, మోర్స్ టేపర్ అంటారు. అమెరికాలో 1860లలో స్టీఫెన్ మోర్స్ పెట్టిన కొలత, ఇప్పటికీ అదే నడుస్తోంది. చిన్న లేతులకు 1వ నంబరు, 2వ నంబరు వస్తాయి. 2వ నంబరు మూతి సుమారు 17.8 మిల్లీమీటర్లు, 1వ నంబరుది 12. రెండు చివర్లా, అంటే హెడ్‌స్టాక్‌లోనూ టెయిల్‌స్టాక్‌లోనూ 2వ నంబరే ఉన్నది తీసుకోండి. అందులో దూరేది మరలతో కాదు, రాపిడితోనే పట్టుకుంటుంది. కాబట్టి లోపల పొట్టు ఒక్క రేణువున్నా వదులవుతుంది, ప్రతిసారీ గుడ్డతో తుడిచి పెట్టాలి. ఆ గుడ్డ పని యంత్రం ఆగి ఉన్నప్పుడే చేయాలి. ఇరుసు ఈ చివర నుంచి ఆ చివరకు బోలుగా ఉండాలి, లేకపోతే ఇరుక్కున్న కొనను వెనక నుంచి కడ్డీతో తట్టి తీయలేరు.

కొట్లో చేయాల్సిన పరీక్షలు చెబుతాను. హెడ్‌స్టాక్‌లో ఒక కొన, టెయిల్‌స్టాక్‌లో ఒక కొన పెట్టి రెండూ దాదాపు తగిలేదాకా జరపండి. మధ్యలో పాత షేవింగు బ్లేడు పెట్టి మెల్లగా నొక్కండి. బ్లేడు నిటారుగా నిలబడితే కొనలు కలిశాయి. ఒక పక్కకు ఒరిగితే తప్పాయి. టెయిల్‌స్టాక్ బిగించే పిడిని వదిలి మళ్లీ బిగించి ఇంకోసారి చూడండి, చాలా యంత్రాల్లో బిగించేటప్పుడే పక్కకు జరుగుతుంది. అర మిల్లీమీటరు తేడా పప్పుగుత్తికి పర్వాలేదు. టెయిల్‌స్టాక్ నుంచి బెజ్జం వేస్తే మాత్రం బెజ్జం మూతి పెద్దదైపోతుంది, డబ్బాకు మూత పట్టదు. తర్వాత ఇరుసును చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కీ, పైకీ కిందికీ కదపండి. కదలిక తెలిస్తే బేరింగు వదులు. చేత్తో తిప్పితే నూనెలా తిరగాలి, గరగరమనకూడదు. బాంజోను బెడ్ చివరిదాకా జరిపి బిగించి, టూల్ రెస్టు మీద అరచేత్తో బలంగా కిందికి నొక్కండి. అది కిందికి దిగినా, తిరిగినా ఆ యంత్రం వదిలేయండి. ఉలి పట్టిన చెయ్యి మొత్తం దాని మీదే నమ్మకం పెట్టుకుంటుంది. చివరగా, బల్ల మీద నీళ్ల గ్లాసు పెట్టి, యంత్రానికి దూరంగానే పెట్టండి, ఖాళీగా అన్ని వేగాల్లో నడపండి. నీళ్లలో అలలు లేచే వేగం ఏదో తెలుస్తుంది.

మన ఊళ్లలో మంచంకోళ్లు చేసేవాళ్ల దగ్గర ఉండే యాంగిల్ ఇనుము లేత్, పక్కన విడిగా మోటారు, వి-బెల్టు పెట్టినది చూసి అలాంటిదే చేయించుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. మంచిదే. పొడుగు పనికి దాన్ని మించింది లేదు, బరువూ ఉంటుంది. కానీ వాటిలో సగానికి ఇరుసు మరలు ఏ కొలతా కావు, వేగం ఒకటో రెండో ఉంటుంది. చేయించేటట్లయితే ఇరుసును అంగుళం, 8 చుట్లు, లోపల 2వ నంబరు మోర్స్ అని చెప్పి తరిమించండి. మూడు మెట్ల పుల్లీలు పెట్టించండి. బెల్టుకు మూత తప్పనిసరి. మోటారు 50 హెర్ట్జ్ మీద 1,440 చుట్లదైతే మంచిది, 2,880 చుట్లదైతే పుల్లీలతో వేగం దించడం కష్టం.

కరెంటు గురించి ఒక్క విషయం గట్టిగా చెబుతాను. మన దగ్గర కరెంటు పోయి వస్తూ ఉంటుంది. లేత్ నడుస్తుండగా పోయింది, మీరు స్విచ్ ఆపడం మరిచి చెక్క దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నారు, కరెంటు వచ్చింది. అందుకని కరెంటు పోయినప్పుడు తనంతట తానే పడిపోయి, మళ్లీ నొక్కితే తప్ప నడవని స్విచ్ ఉండాలి. నో-వోల్ట్ స్విచ్ అని అడగండి. యంత్రంతో రాకపోతే విడిగా కొని పెట్టించండి. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. విదేశాల నుంచి బంధువులు తెచ్చే యంత్రం 110 వోల్టులది కావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 60 హెర్ట్జ్ ఇండక్షన్ మోటారు మన 50 హెర్ట్జ్ మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, వేడీ ఎక్కుతుంది.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, కొత్తపట్నం, మైపాడు వైపు, బెడ్ వారంలోనే ఎర్రబడుతుంది. పని అయ్యాక తుడిచి కొవ్వొత్తి మైనమో, మిషను నూనో సన్నగా రాయండి. పచ్చి తుమ్మ, చిల్లచెట్టు కర్ర పని చేసిన రోజు తప్పకుండా రాయాలి. వాటి రసం ఇనుమును నల్లగా మరకపరుస్తుంది.

చేతిలో ఉన్న డబ్బంతా లేత్ మీద పెట్టొద్దు. సగమే పెట్టండి. మిగిలిన సగం చక్, ఉలులు, సాన పట్టే గ్రైండరు, ముఖానికి అడ్డం. ఇవి లేకుండా ఎంత మంచి లేత్ అయినా ఊరికే తిరుగుతుంది.

నాలుగు దవడల చక్ 4 అంగుళాలది చాలు. మామూలుగా వచ్చే దవడలు సుమారు 50 మిల్లీమీటర్ల దగ్గర పూర్తి గుండ్రంగా ఉంటాయి, అక్కడే పట్టు బాగుంటుంది. చక్ పట్టుకోవడానికి గిన్నె అడుగున తీసే గుత్తిని (చిన్న గుండ్రటి మెట్టును) 50 నుంచి 55 మిల్లీమీటర్ల వ్యాసం, 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఎత్తు తీయండి. గుత్తి చివర చక్ అడుగును తాకకూడదు, గిన్నె భుజం దవడల అంచు మీద ఆనాలి. అడుగు తగిలితే చెక్క ఊగుతుంది, పది నిమిషాల్లో ఊడివస్తుంది. చక్ కొత్తల్లో కొనలేకపోతే 3 అంగుళాల ఫేస్‌ప్లేటుతో మొదలుపెట్టవచ్చు, మరమేకులు చెక్కలోకి కనీసం 15, 20 మిల్లీమీటర్లు దిగాలి.

ఉలులు ఐదు చాలు (గౌజ్ అంటే దోనెలా గుంట ఉన్న ఉలి): కర్రను మొదట గుండ్రం చేసే రఫింగ్ గౌజ్, కర్రల పనికి 10 మిల్లీమీటర్ల స్పిండిల్ గౌజ్, ముక్కను వేరుచేసే 3 మిల్లీమీటర్ల పార్టింగ్ టూల్, ఏటవాలు అంచు ఉన్న స్క్యూ, గిన్నెలకు 12 మిల్లీమీటర్ల బౌల్ గౌజ్. ఇక్కడ ప్రాణం మీదకు వచ్చే తప్పు ఒకటుంది. రఫింగ్ గౌజ్ వెడల్పుగా బలంగా కనిపిస్తుంది కదా అని గిన్నె మీద పెడతారు. దాని పిడిలోకి వెళ్లే తోక సన్నగా ఉంటుంది. అడ్డనార చెక్క ఒక్కసారి కరిస్తే తోక దగ్గర విరిగి ముక్క ఎగురుతుంది. అది కర్రల పనికే. ఉలులు హైస్పీడ్ స్టీలువి తీసుకోండి. మామూలు కార్బన్ స్టీలు గ్రైండరు మీద నీలం తిరిగిందంటే ఆ చోట పదును నిలవదు, హైస్పీడ్ స్టీలు ఆ వేడికి మెత్తబడదు. గ్రైండరు 6 అంగుళాలది చాలు, దానికి వచ్చే బూడిదరంగు రాయి తీసి 80 గ్రిట్ (గరుకు కొలత) తెల్లరాయి వేయండి. స్పిండిల్ గౌజ్‌కు 40 డిగ్రీల వాలు, బౌల్ గౌజ్‌కు 50, 55. ప్రతిసారీ అదే వాలు రావాలంటే జిగ్, అంటే ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే అమరిక కావాలి. కొత్తవాళ్ల కష్టాల్లో ఎక్కువ భాగం మొద్దుబారిన ఉలివే. పదునున్న ఉలి నుంచి పొట్టు రిబ్బనులా వస్తుంది. పొడి రాలుతోందంటే ఆపి సాన పట్టండి.

నేర్చుకోవడానికి చెక్క మన చుట్టూ ఉంది. సరుగుడు, సుబాబుల్ కర్రలు 2 అంగుళాల లావువి పచ్చివి తెచ్చుకుని పది అంగుళాల ముక్కలు కోయండి. పచ్చిగా ఉన్నప్పుడు మెత్తగా కోస్తుంది, సరుగుడు ఎండితే రాయి. నడుమ దవ్వ (కర్ర నడిమధ్య మెత్తటి భాగం) ఉన్న ముక్క ఎలాగూ పగులుతుంది, అవి సాధన కోసమే. గిన్నెలకు మామిడి మంచిది. బొగ్గుల బట్టీకి పోయే చిల్లకర్ర, సర్కారు తుమ్మ అంటాం కదా, దాని మొదలు లావుగా దొరికితే వదలొద్దు. ముదురు గోధుమరంగు చేవ, ఎండేటప్పుడు మిగతా కర్రలకంటే తక్కువ వంకర పోతుంది. రోహిణి కార్తె ఎండల్లో రోళ్లే పగులుతాయంటారు, పచ్చి గిన్నె ఎంత? ముందు మందంగా, వ్యాసంలో పదో వంతు గోడతో చేసి, దాని పొట్టులోనే పూడ్చి కాగితపు సంచిలో నీడన పెట్టండి. నెలల తర్వాత మళ్లీ బిగించి పూర్తి చేయండి. ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇస్తామంటే తీసుకోవద్దు. అటవీశాఖ పత్రాలు లేకుండా దగ్గర ఉండటమే నేరం.

బట్టలు. లుంగీ, పైట, మెడలో తుండు, చేతికి తాయెత్తు, గాజులు, తొడుగులు ఏవీ వద్దు. యంత్రం తొడుగును పట్టుకుంటే చేతిని వదలదు. కళ్లజోడు చాలదు, ముఖం మొత్తం కప్పే అడ్డం కావాలి. స్విచ్ వేసేముందు చెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి రెస్టుకు తగలడం లేదని చూడండి. వేసేటప్పుడు చెక్కకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి. ఎమరీ పేపరు పట్టేటప్పుడు రెస్టు తీసేయండి, దుమ్ము లోపలికి పోకుండా ఎన్95 మాస్కు పెట్టుకోండి. మెరుగు పెట్టడానికి గుడ్డ వాడొద్దు, కాగితపు తువ్వాలు వాడండి. అది చిక్కుకుంటే చిరుగుతుంది, గుడ్డ చిరగదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒకరు: "మా ఊళ్లో ఇనుము తిప్పే లేత్ షాపు ఉండాది సార్. దాని మీదే చెక్క నేర్చుకోవచ్చా?")

తిప్పవచ్చు, నేర్చుకోవడానికి మాత్రం కుదరదు. ఇనుము లేత్‌లో ఉలి యంత్రానికి బిగించి ఉంటుంది. చెక్కపనిలో ఉలి మన చేతిలో ఉంటుంది, అదే నేర్చుకోవాలి. చేత్తో పట్టే రెస్టు దానికి ఉండదు. పొట్టు దాని నూనె బెడ్‌లో కలిసి ముద్దవుతుంది, షాపు యజమాని రెండోసారి రానివ్వడు. అయితే ఆయనతో స్నేహంగా ఉండండి. ఇరుసు, ఫేస్‌ప్లేటు, టూల్ రెస్టు చేయించుకోవడానికి ఆయనే కావాలి.

(ఒక అమ్మాయి: "డ్రిల్ మిషన్‌కు తగిలించే లేత్ సెట్లు చౌకగా ఉన్నాయి సార్, మొదట అది కొనుక్కుంటే?")

బొంగరం వరకు పర్వాలేదమ్మా. డ్రిల్ బేరింగులు ముందుకు నొక్కడానికి చేసినవి, పక్క నుంచి వచ్చే దెబ్బకు కాదు. రెండు అంగుళాలు మించిన చెక్క పెడితే డ్రిల్ పోతుంది. ఆ డబ్బుతో ఒక మంచి బౌల్ గౌజ్ కొనుక్కుని, లేత్‌కి ఇంకో ఆర్నెల్లు ఆగడం మేలు.

(వెనక నుంచి ఒకరు: "సెకండ్‌హ్యాండ్‌ది చూస్తున్నానన్నా. బేరింగు మోత వస్తుండాది. కొనొచ్చా?")

బేరింగు ఒక్కటే అయితే కొనండి, బేరం కూడా బాగా ఆడొచ్చు. మూత తీసి బేరింగు అంచు మీద నంబరు చూడండి. మామూలు నంబరైతే ఏ బేరింగుల కొట్లో అయినా దొరుకుతుంది, రెండు వైపులా మూసి ఉన్న రకం అడగండి, పొట్టు లోపలికి పోదు. బేరింగు మోత కాకుండా చూడాల్సినవి మూడు. ఇరుసు మరలు చిదికిపోయి ఉన్నాయా, మోర్స్ బెజ్జంలో గీతలు పడి ఉన్నాయా, పోత ఇనుములో ఎక్కడైనా అతుకు వేశారా. మరలు చిదికితే చక్ నిటారుగా కూర్చోదు. బెజ్జంలో గీతలు ఉంటే కొన జారుతుంది. టెయిల్‌స్టాక్ అతుకు వేసినదైతే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.